వెల్డింగ్ గుర్తు డ్రాయింగ్ మీద సరిగ్గా వేయడం ఎలా: లాకు షట్టరు నుంచి పంటు దాకా

వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేశాక లాకుల షట్టర్లు, అంటే నీళ్లు ఆపే ఇనుప తలుపులు, పైకి తీస్తారు. తుప్పు తిన్న స్కిన్ ప్లేటు (నీళ్లని ఆపే రేకు) కోసి కొత్తది వేయాలి, స్టిఫ్‌నర్లు (రేకు వెనక బలానికి వేసే బద్దీలు) మార్చాలి, మళ్లీ నీళ్లు వదిలే తేదీలోగా అంతా బిగించాలి. డ్రాయింగ్ రాజమండ్రిలోనో కాకినాడలోనో తయారవుతుంది. పని పాలకొల్లులోనో రాజోలులోనో గట్టు మీద రేకుల షెడ్డులో జరుగుతుంది. వెల్డింగ్ రాడ్డు హోల్డరు పట్టుకున్న మనిషికి గీసిన మనిషి కనపడడు. అతని ముందున్నది ఒక కాగితం, దాని మీద ఒక బాణం, ఒక త్రిభుజం, రెండు మూడు అంకెలు.

ఆ గుర్తు అయిదు సంగతులు చెప్పాలి: ఏ జాయింటు, ఏ వైపు, ఏ రకం వెల్డు, ఎంత సైజు, ఎంత పొడవు. ఒక్కటి చెప్పకపోయినా ఆ ఖాళీని వెల్డరు తన అలవాటుతో పూరిస్తాడు. ఒక్కో షాపుకి, అంటే వర్క్‌షాపుకి, ఒక్కో అలవాటు ఉంటుంది కాబట్టి ఒకే డ్రాయింగ్‌తో రెండు చోట్ల రెండు రకాల షట్టర్లు తయారవుతాయి.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. షట్టరు స్కిన్ ప్లేటు 8 మి.మీ. మందం. దాని వెనక నిలువుగా నిలబెట్టిన స్టిఫ్‌నరు 10 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు ఉన్న ఫ్లాటు. రెండూ కలిసే మూలని త్రిభుజంలా నింపే ఫిల్లెట్ వెల్డు వేయాలి.

ముందు ఏ పద్ధతో తేల్చుకోండి

గుర్తు జోలికి వెళ్లకముందు టైటిల్ బ్లాకు, జనరల్ నోట్సు చూడండి. అక్కడ ఒక ప్రమాణం పేరు ఉండాలి: అమెరికా వాళ్ల ఏడబ్ల్యూఎస్ ఏ2.4, అంతర్జాతీయ ఐఎస్ఓ 2553, లేదా మన ఐఎస్ 813. చమురు, గ్యాస్ పనులకి పైపులు, స్కిడ్లు (యంత్రాలు కూర్చోబెట్టే ఇనుప చట్రాలు) చేసే షాపుల్లో అమెరికా పద్ధతి తరచుగా కనపడుతుంది. రొయ్యల మేత ప్లాంటుకో రైస్‌మిల్లుకో యూరప్ నుంచి యంత్రం వస్తే, దాని కింద వేసే ఫ్రేము డ్రాయింగ్ ఐఎస్ఓ పద్ధతిలో ఉండొచ్చు. ఒకే షాపు ఈ వారం ఒకటి చేసి, వచ్చే వారం ఇంకొకటి చేస్తుంది. తప్పులు పుట్టేది అక్కడే.

ఐఎస్ఓ 2553లో మళ్లీ రెండు దారులున్నాయి, సిస్టమ్ ఏ, సిస్టమ్ బి. వైపుల విషయంలో బి అమెరికా పద్ధతిలాగే నడుస్తుంది. సిస్టమ్ ఏ ని కంటితోనే పట్టేయొచ్చు. నిండు గీతకి ఆనుకుని, దానికి సమాంతరంగా ఒక డాష్ గీత ఉంటుంది. రెండు వైపులా ఒకేలా వేసే వెల్డుకి మాత్రం డాష్ గీత అక్కర్లేదు. కాబట్టి ఒక్క గుర్తు చూసి నిర్ణయించకండి, షీటంతా ఒకసారి తిరగేయండి.

ప్రమాణం పేరు ఎక్కడా లేకపోతే ఊహించకండి. పంపిన వాళ్లని రాతపూర్వకంగా అడిగి, జవాబు ప్రింటు తీసి జాబ్ ఫైల్లో పెట్టండి. మీరే గీస్తుంటే జనరల్ నోట్సులో ఈ మూడు ముక్కలు తప్పకుండా రాయండి: వెల్డింగ్ గుర్తులు ఫలానా ప్రమాణం ప్రకారం, ఫిల్లెట్ సైజు అంటే లెగ్ పొడవు (మూల నుంచి వెల్డు అంచు దాకా), కొలతలన్నీ మి.మీ.లో. ఒక డ్రాయింగ్ సెట్టులో రెండు పద్ధతులు కలపకండి. పాత షీటు నుంచి డీటెయిల్ కాపీ చేసి తెచ్చుకునేటప్పుడు ఈ తప్పు ఎక్కువగా దొర్లుతుంది.

బాణం వైపు, అవతలి వైపు

గుర్తుకి వెన్నెముక రిఫరెన్స్ గీత, అడ్డంగా గీసే గీత. దాని ఒక కొస నుంచి బాణం బయల్దేరి జాయింటుని తాకుతుంది. రెండో కొసన చేప తోకలా చీలిన టెయిల్ ఉంటుంది. టెయిల్లో రాయడానికి ఏమీ లేకపోతే దాన్ని గీయనక్కర్లేదు.

అమెరికా పద్ధతిలో గీత కింద ఉన్న గుర్తు బాణం తాకిన వైపు వెల్డుకి, గీత పైన ఉన్నది అవతలి వైపు వెల్డుకి. సిస్టమ్ ఏ లో పైనా కిందా లెక్కే లేదు. గుర్తు నిండు గీత మీద కూర్చుంటే బాణం వైపు, డాష్ గీత మీద కూర్చుంటే అవతలి వైపు. డాష్ గీత నిండు గీతకి పైన ఉండొచ్చు, కిందా ఉండొచ్చు. అమెరికా పద్ధతికి అలవాటు పడ్డ కన్ను సిస్టమ్ ఏ డ్రాయింగ్‌లో నిండు గీత పైన త్రిభుజం చూడగానే "అవతలి వైపు" అని చదివేస్తుంది. అది పూర్తిగా ఉల్టా. షట్టరు అంచున రబ్బరు సీలు పట్టే బద్దీకి ఒకే వైపు వెల్డు ఉందనుకోండి. వైపు మారితే వెల్డు ఉబ్బు సీలు కూర్చునే చోటికి వస్తుంది, రబ్బరు సమంగా ఆనదు, షట్టరు దించాక అక్కడి నుంచే నీళ్లు కారతాయి.

"అవతలి వైపు" అంటే అదే జాయింటుకి అవతలి వైపు. ఫ్లాటు అవతలి కొస కాదు, ప్లేటుకి వెనక ఉన్న ఇంకో జాయింటు కాదు. స్కిన్ ప్లేటుకి రెండు పక్కలా ఎదురెదురుగా ఫ్లాట్లు నిలబెట్టారనుకోండి, పైనుంచి చూస్తే ప్లస్ ఆకారం. బాణం ఈ పక్క ఫ్లాటుకీ ప్లేటుకీ మధ్య మూలని తాకితే, గీత పైన ఉన్న త్రిభుజం ఈ ఫ్లాటుకే అటు మూలన వేసే వెల్డు. వెనక పక్క ఫ్లాటుకి ఆ బాణంతో ఏ సంబంధమూ లేదు, దానికి వేరే బాణం కావాలి. ప్లస్ జాయింట్లకి ఒకే బాణంతో సరిపెట్టిన డ్రాయింగులు చాలా కనపడతాయి. వాటిలో సగం వెల్డులకి ఆదేశమే లేనట్టు.

ఫిల్లెట్ త్రిభుజంలో నిలువు గీత ఎప్పుడూ ఎడమ చేతి వైపే. గీత కింద వేస్తే ◸, పైన వేస్తే ◺. బాణం కుడికి పోయినా ఎడమకి పోయినా ఇది మారదు. ఇక్కడ క్యాడ్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. షట్టరు ఎడమ సగం గీసి, మిర్రర్ కమాండుతో కుడి సగం తెచ్చుకోవడం మామూలే. అక్షరాలు తిరగబడకుండా సెట్ చేసుకుంటే అంకెలు బాగానే కనిపిస్తాయి, త్రిభుజం మాత్రం తిరగబడుతుంది. కుడి ఎడమల మిర్రర్ అయితే నిలువు గీత కుడికి పోతుంది. చూడ్డానికి తప్పే గానీ పని చెడదు. పైకీ కిందకీ మిర్రర్ చేస్తే కింద ఉన్న త్రిభుజం గీత పైకి వెళ్తుంది, అంటే వెల్డు అవతలి వైపుకి మారిపోతుంది. అందుకని బొమ్మని మిర్రర్ చేయండి, గుర్తుల్ని చేయకండి. గుర్తులన్నీ ఒక లేయర్లో పెట్టుకుని, మిర్రర్ చేసేటప్పుడు ఆ లేయర్ ఆపేసి, తర్వాత కొత్తగా వేసుకోండి.

ధవళేశ్వరం బ్యారేజీకి నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లున్నాయి. అలాంటి పనిలో ఒక టిపికల్ డీటెయిల్ (ఒకే రకం చోట్లన్నిటికీ గీసే ఒక్క బొమ్మ) ఎన్నిసార్లు తిరిగి వాడుకుంటారో ఆలోచించండి. అందులో త్రిభుజం గీతకి ఏ పక్కన ఉందో చూడ్డానికి పట్టేది ఒక్క నిమిషం.

సైజు: లెగ్గా, థ్రోటా?

సైజు అంకె త్రిభుజానికి ఎడమ పక్కన రాస్తారు. అమెరికా పద్ధతిలో 6 అంటే లెగ్ 6 మి.మీ., అంటే మూల నుంచి ప్లేటు మీదుగా వెల్డు అంచు దాకా. సిస్టమ్ ఏ లో అంకె ముందు అక్షరం ఉంటుంది. జడ్ ఉంటే లెగ్, ఏ ఉంటే థ్రోట్. థ్రోట్ అంటే మూల నుంచి వెల్డు ముఖం దాకా అతి దగ్గరి దూరం. రెండు లెగ్గులూ సమానమైతే థ్రోట్ లెగ్‌లో 0.7 వంతు. జడ్7, ఏ5 దాదాపు ఒకటే.

ఏ5 అని ఉన్న చోట షాపు 5 మి.మీ. లెగ్ వేస్తే థ్రోట్ 3.5 వస్తుంది. బలం 30 శాతం పోయినట్టే, పైకి మాత్రం వెల్డు ముచ్చటగా ఉంటుంది. దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. లెగ్ 6 అని రాసినదాన్ని థ్రోట్ అనుకుంటే లెగ్ 8.5 అవుతుంది. లెగ్ 6 అయితే వెల్డు అడ్డుకోత 18 చదరపు మి.మీ., 8.5 అయితే 36. రాడ్లు రెట్టింపు, టైము రెట్టింపు, ప్లేటుకి తగిలే వేడీ రెట్టింపే.

అందుకే "గట్టిగా ఉంటుందిలే" అని సైజు పెంచి రాయడం మంచి అలవాటు కాదు. 6ని 8 చేస్తే అడ్డుకోత 18 నుంచి 32కి పోతుంది, 78 శాతం ఎక్కువ. 8 మి.మీ. స్కిన్ ప్లేటు మీద వరసగా స్టిఫ్‌నర్లకి అంత వేడి పడితే ప్లేటు ఒక్కో స్టిఫ్‌నర్ దగ్గర లోపలికి ముడుచుకుంటుంది. స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే అలలు కనపడతాయి. ఆ అలల మీద సీలు ఆనదు.

మరి ఎంత రాయాలి? బలం లెక్క డిజైనర్ చేస్తారు. కానీ లెక్క ఏం చెప్పినా మన ఉక్కు కట్టడాల కోడు ఐఎస్ 800:2007 పెట్టిన హద్దులు దాటకూడదు. రెండు ముక్కల్లో మందంగా ఉన్నది 10 మి.మీ. దాకా అయితే కనీసం 3 మి.మీ. ఫిల్లెట్, 10 దాటి 20 దాకా 5, 20 దాటి 32 దాకా 6. మందమైన ప్లేటు వేడిని గబుక్కున లాగేసుకుంటుంది. దాని మీద సన్నటి రన్ను (రాడ్డు ఒక్కసారి నడిపి వేసే వెల్డు) వేస్తే త్వరగా చల్లారి పగుళ్లు వస్తాయి, అందుకే ఈ కనీసం. థ్రోట్ 3 మి.మీ.కి తగ్గకూడదని కూడా అదే కోడులో ఉంది, అంటే లెగ్ 4.3 దాకా రావాలి. కాబట్టి మన షట్టరుకి 5 కన్నా కింద రాయకండి. నీళ్లలో నానే సరుకు కాబట్టి 6 రాయడం సబబు.

పై హద్దు ఒకటుంది, అది ల్యాప్ జాయింట్లలో, అంటే ఒక ప్లేటు ఇంకోదాని మీద పరిచి అతికే చోట్ల, పట్టుకుంటుంది. చతురస్రంగా కోసిన ప్లేటు అంచు మీద ఫిల్లెట్ వేస్తే, సైజు ఆ ప్లేటు మందం కన్నా 1.5 మి.మీ. తక్కువ ఉండాలి. 6 మి.మీ. ప్యాచ్ ప్లేటుకి 6 మి.మీ. ఫిల్లెట్ అని రాస్తే తప్పు, 4.5 దాకానే. 6 రాస్తే వెల్డరు పై అంచుని కరిగించేస్తాడు, అంచు ఎక్కడుందో కనపడదు, ఇన్‌స్పెక్టరు గేజి పెట్టి కొలవడానికి ఆనవాలే ఉండదు.

రెండు వైపులా వెల్డు ఉంటే రెండు సైజులూ రాయండి, సమానమైనా సరే. ఒక పక్క అంకె వదిలేస్తే, అది మరచిపోయిందా, అదే సైజా అన్న ప్రశ్న గట్టు మీద పుడుతుంది, అక్కడ జవాబిచ్చేవాళ్లు ఉండరు.

పొడవు, పిచ్

త్రిభుజానికి కుడి పక్కన పొడవు. ఏమీ రాయకపోతే జాయింటు మొత్తం పొడవునా అని అర్థం. జాయింటు దిశ ఒక్కసారిగా మారే చోటు వచ్చిందా, ఆ బాణం పని అక్కడితో సరి.

మధ్యమధ్యలో ఖాళీ వదిలి వేసే ముక్కల వెల్డుకి రెండో అంకె ఉంటుంది, అసలు గొడవ దాంతోనే. అమెరికా పద్ధతిలో 50-150 అంటే ప్రతి ముక్క 50 మి.మీ., ఒక ముక్క నడిమి నుంచి ఇంకో ముక్క నడిమికి 150, ఇదే పిచ్. ఖాళీ 100. సిస్టమ్ ఏ లో బ్రాకెట్ ఉంటుంది: 50 (150). ముక్క 50, మధ్య ఖాళీయే 150. ముందు ముక్కల సంఖ్య కూడా రాస్తారు, 30×50 (150) లాగా. 6 మీటర్ల జాయింటు మీద మొదటి పద్ధతిలో సుమారు 40 ముక్కలు పడితే రెండోదాంట్లో 30 పడతాయి. అంటే 2 మీటర్ల వెల్డు బదులు 1.5 మీటర్లు.

ఐఎస్ 800 ముందు నిలబెడితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ముక్కల మధ్య ఖాళీ, సన్నగా ఉన్న ప్లేటు మందానికి ఒత్తిడిలో 12 రెట్లు, లాగుడులో 16 రెట్లు మించకూడదు, ఎలాగైనా 200 మి.మీ. దాటకూడదు. మన 8 మి.మీ. ప్లేటుకి అవి 96, 128. 100 ఖాళీ లాగుడుకి చాలు, ఒత్తిడికి కొంచెం తప్పింది. 150 ఖాళీ రెండింటికీ పనికిరాదు. ఒక్క బ్రాకెట్ తేడా ఇంత దూరం తీసుకెళ్తుంది.

ఇంకొకటి. అదే కోడు ప్రకారం ముక్క ప్రభావ పొడవు (పూర్తి సైజు వచ్చిన పొడవు) సైజుకి నాలుగు రెట్లు, కనీసం 40 మి.మీ. ఉండాలి. వెల్డు మొదలెట్టిన చోట, ఆపిన చోట పూర్తి సైజు రాదు. కాబట్టి డ్రాయింగ్‌లోని ప్రభావ పొడవుకి రెండు సైజులు కలిపి వేయాలి. 50 రాసి 6 సైజు అంటే షాపులో 62 వేయాలి. రాసింది ప్రభావ పొడవో, వేయాల్సిన మొత్తం పొడవో నోట్సులో ఒక వాక్యంలో చెప్పండి. షాపు వాళ్లు ట్యాకింగ్ (చుక్కలుగా వెల్డు పెట్టి తాత్కాలికంగా నిలబెట్టడం) అయిన వెంటనే సుద్దముక్కతో ప్రతి ముక్క మొదలూ చివరా ప్లేటు మీద గీసుకోవాలి. స్టిఫ్‌నర్ రెండు కొసల్లోనూ తప్పకుండా ముక్క వచ్చేలా గీత మొదలెట్టండి. కొస ఖాళీగా ఉంటే ముందు లేచేది అక్కడే. రెండు వైపులా ముక్కలు ఎదురెదురుగా రావాలంటే త్రిభుజాలు గీతకి పైనా కిందా సరిగ్గా ఒకదాని కింద ఒకటి వేయాలి. ఒకటి తప్పించి ఒకటి రావాలంటే త్రిభుజాల్ని కాస్త జరిపి వేయాలి. కాపీ పేస్టులో ఆ జరుపు పోకుండా చూసుకోండి.

ఇంత చెప్పాక ఒక మాట. డెల్టాలో నీళ్లు తగిలే ఏ సరుకుకీ ముక్కల వెల్డు రాయకండి. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయితే నీళ్లు తగలకపోయినా రాయకండి. ముక్కల మధ్య ఫ్లాటుకీ ప్లేటుకీ నడుమ వెంట్రుకంత సందు ఉంటుంది. పెయింటు బ్రష్షు అందులోకి వెళ్లదు, ఉప్పు నీరు వెళ్తుంది, వెళ్లి ఆరదు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలి నుంచి ఉబ్బి ఫ్లాటుని ప్లేటు నుంచి తోసేస్తుంది. చెరువుల్లో ఏరియేటర్ల ఫ్రేములు, తూము షట్టర్లు, పంటు (ఏరు దాటించే చదునైన పడవ) డెక్కు కింద రిబ్బులు, అన్నిటికీ పూర్తి పొడవు వెల్డే. బలానికి అక్కర్లేకపోయినా సందు మూయడానికి కావాలి, టెయిల్లో "సీల్ వెల్డు" అని రాయండి.

సీలు చేసిన సరుకుని జింకు పూతకి పంపేటట్టయితే గాలి రంధ్రం చూపించడం మరవకండి. నాలుగు వైపులా మూసేసిన పైపులో, ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు ప్లేట్ల మధ్య చిక్కుకున్న తేమ సుమారు 450 డిగ్రీల జింకు తొట్టెలో ఒక్కసారి ఆవిరై పేలుతుంది. మనుషులకి ప్రమాదం. రంధ్రం ఎక్కడ, ఎంత అనేది డ్రాయింగ్ మీదే ఉండాలి, ఫోన్లో చెప్పుకునే సంగతి కాదు.

గ్రూవ్ వెల్డులు

పంటు అడుగు ప్లేట్లు ఒకదానికొకటి అంచుకి అంచు కలిపేటప్పుడు ఫిల్లెట్ పనికిరాదు, అంచులు చెక్కి గ్రూవ్ వెల్డు వేయాలి. వి గుర్తు లోపల రూట్ గ్యాపు (అడుగున రెండు ప్లేట్ల మధ్య వదిలే ఖాళీ), నోటి దగ్గర మొత్తం కోణం రాయాలి. 8 మి.మీ. ప్లేటుకి 60 డిగ్రీలు, 2 నుంచి 3 మి.మీ. గ్యాపు మామూలుగా వాడే కొలతలు.

సైజు అంకె ఎడమ పక్కనే. బ్రాకెట్ బయట ఉన్నది చెక్కిన లోతు, బ్రాకెట్లో ఉన్నది వెల్డు సైజు. అమెరికా పద్ధతిలో ఒకే వైపు గ్రూవుకి ఈ అంకెలేవీ రాయకపోతే పూర్తి మందం కరగాలని అర్థం. అంకె మరచిపోతే మీకు తెలియకుండానే అన్నిటికన్నా ఖరీదైన వెల్డు ఆర్డరు చేసినట్టవుతుంది. పూర్తి మందమే కావాలంటే టెయిల్లో సీజేపీ (కంప్లీట్ జాయింట్ పెనెట్రేషన్) అని రాసి అనుమానం లేకుండా చేయండి.

రెండు ప్లేట్లలో ఒక్కదాన్నే చెక్కాల్సిన బెవెల్ గ్రూవుకి బాణం మధ్యలో విరిగినట్టు మెలిక తిరగాలి. మెలిక తిరిగిన బాణం మొన ఏ ప్లేటుని చూపిస్తే దాన్నే చెక్కాలి. మెలిక లేకుండా తిన్నగా గీస్తే షాపు తనకి చెక్కడం సులువైన ప్లేటుని చెక్కుతుంది. వెబ్బుని (బీము నిలువు పలకని) చెక్కాల్సింది పోయి ఫ్లాంజిని (అడ్డ పలకని) చెక్కితే ఆ ముక్క తుక్కు కిందికే.

పంటు అడుగుకి వెనక పక్క నుంచి చేయి పెట్టే వీలుంటే, రూటుని గౌజింగ్ చేసి (అడుగు లోహాన్ని తోడేసి) వెనక నుంచి ఒక రన్ను వేయించండి. దానికి గ్రూవ్ గుర్తుకి గీత అవతల పక్క అరచందమామ గుర్తు. ఇదే గుర్తు ముందే వేసే బ్యాకింగ్ వెల్డుకీ వాడతారు, కాబట్టి ఏది ముందో టెయిల్లో రాయాలి, లేదా రెండు రిఫరెన్స్ గీతలు వేయాలి. గీతలు ఒకటి కన్నా ఎక్కువ ఉంటే బాణానికి దగ్గర ఉన్న గీత పని ముందు చేయాలి. వెనక పట్టీ పెట్టి వేయాలంటే అరచందమామ బదులు చిన్న దీర్ఘచతురస్రం. పంటు అడుగుకి పట్టీ వద్దు, పట్టీ వెనక మళ్లీ నీళ్లు దాచుకునే సందే.

సున్న, జెండా, తోక

బాణం, రిఫరెన్స్ గీత కలిసే చోట సున్న పెడితే చుట్టూతా వెల్డు. చతురస్రపు పైపుని బేస్ ప్లేటు మీద నిలబెట్టినప్పుడు హాయిగా వాడొచ్చు. ఐ బీమ్‌కి అలవాటుగా సున్న పెట్టేస్తే ఫ్లాంజి అంచులు, వెబ్బు మూలలు అన్నీ అందులో పడతాయి. డిజైన్‌కి ఫ్లాంజి బయటి వైపులు, వెబ్బు రెండు వైపులు చాలినా వెల్డరు రాడ్డు దూరని మూలల్లో కుస్తీ పడతాడు, అక్కడ స్లాగు (రాడ్డు పూత కరిగిన చిట్టెం) మిగులుతుంది. ఒక పక్క గోడకో ఇంకో స్టిఫ్‌నర్‌కో ఆనుకుని ఉంటే సున్న రాయడానికే లేదు. పెన్సిలుని రాడ్డు అనుకుని డ్రాయింగ్ మీద చుట్టూ తిప్పి చూడండి. రాడ్డు, హోల్డరు, తలకి హెల్మెట్, ఇవన్నీ పట్టే చోటు ఉందా?

అదే చోట జెండా ఉంటే సైటులో వేయాల్సిన వెల్డు. జెండా ఎటు తిరిగి ఉన్నా వెల్డు వైపుతో దానికి సంబంధం లేదు. జెండా ఎక్కడ పెట్టాలన్నది రవాణా నిర్ణయిస్తుంది. గట్టు రోడ్డు మీద లారీ ఎంత వెడల్పు మోయగలదు, వంతెన మలుపులో తిరుగుతుందా అన్నది కనుక్కుని, అంతకన్నా పెద్ద ముక్కలకే జెండా పెట్టండి. సైటు వెల్డులు వీలైనంత తగ్గించండి. గాలి, కరెంటు హెచ్చుతగ్గులు, గాలిలో తేమ, మూడూ గట్టు మీద వెల్డుకి శత్రువులే.

టెయిల్లో రాడ్డు రకం రాయండి. ఈ7018 అని రాస్తే దాన్ని ఎలా ఉంచాలో కూడా జనరల్ నోట్సులో ఉండాలి. ఇలాంటి తక్కువ హైడ్రోజన్ రాడ్డు పూత తేమని పీల్చుకుంటుంది, ఆ తేమలోని హైడ్రోజన్ వెల్డులోకి దిగి, చల్లారిన కొన్ని గంటలకి పగులు తెస్తుంది. ఓవెన్ నుంచి తీసిన ఈ7018ని 4 గంటలకి మించి బయట ఉంచకూడదని అమెరికా స్ట్రక్చరల్ కోడు చెబుతుంది. వానాకాలం కోనసీమ గాలిలో దీన్ని అక్షరాలా పాటించాలి. తయారీదారు డబ్బా మీద రాసిన వేడికి మళ్లీ కాల్చి వాడాలి, ఎండలో ఆరబెడితే చాలదు.

సీలు ఆనే చోట వెల్డు చదునుగా ఉండాలంటే గుర్తు మీద చిన్న అడ్డగీత, దాని పైన జి అక్షరం. గ్రైండింగ్ చేసి ప్లేటుతో సమానం చేయమని అర్థం. దీన్ని కావాల్సిన జాయింట్లకే పెట్టండి. అన్ని చోట్లా పెడితే గ్రైండర్ వెల్డు థ్రోటుని తినేస్తుంది.

పాత ఇనుము మీద కొత్త ఫ్లాటు అంటించే పని వస్తే గుర్తుతో సరిపెట్టకండి. 1900లో తెరిచిన రాజమండ్రి హేవలాక్ వంతెన కాలపు ఉక్కు పని రివెట్లతో సాగింది.  అప్పటి ఇనుములో గంధకం, భాస్వరం ఎక్కువ ఉండొచ్చు, వెల్డు పక్కన చీలిపోవచ్చు. ముందు చిన్న ముక్క కోసి రసాయన పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే డ్రాయింగ్ మీద వెల్డు గుర్తు వేయండి.

విడుదల చేసే ముందు

షీటు ప్రింటు తీసి, ఎర్ర పెన్సిల్ పట్టుకుని, రెండు ముక్కలు కలిసే ప్రతి చోటా ఆగండి. ఆ చోటికి బాణం ఉంటే గుర్తుని పైకి చదవండి, పూర్తి వాక్యంగా: "స్కిన్ ప్లేటుకీ స్టిఫ్‌నర్‌కీ మధ్య, రెండు వైపులా, 6 మి.మీ. లెగ్ ఫిల్లెట్, పూర్తి పొడవు, షాపులో." వాక్యం ఎక్కడ తడబడితే గుర్తులో అక్కడే ఏదో లోపించింది. బాణం లేని జాయింటు చుట్టూ సున్న చుట్టండి. "మిగతావన్నీ 6 మి.మీ. ఫిల్లెట్" అన్న ఒక్క లైనుతో సరిపెట్టాలనిపిస్తే, ఆ "మిగతావి" ఏవో వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించగలిగితేనే రాయండి.

షీటుని ఆ పని చేసే వెల్డరు ముందో ఫోర్‌మన్ ముందో పెట్టి, ఏం వేస్తారో చెప్పమనండి. "అర్థమైందా?" అని అడిగితే అవుననే అంటారు. సుద్దముక్క ఇచ్చి ఒక తుక్కు ప్లేటు మీద వెల్డు ఎక్కడ వస్తుందో గీయమంటే అసలు సంగతి బయటపడుతుంది. వాళ్ల గీత మీరు అనుకున్న దాని కన్నా వేరుగా ఉంటే ముందు గుర్తునే దిద్దండి.

దిద్దిన తర్వాత రివిజన్ నంబరు మార్చి, మార్చిన చోట మబ్బు గీత చుట్టి, కొత్త ప్రింటు పంపండి. పంపిన రోజే పాత ప్రింట్లు అన్నీ వెనక్కి తెప్పించండి. షెడ్డు గోడకి అంటించినది, వెల్డరు జేబులో మడిచి పెట్టుకున్నది, ఫోన్లో ఫోటో తీసుకున్నది కూడా లెక్కలోకే వస్తాయి.